అమెరికాలో నర్స్ అనస్థీటిస్ట్ కావాలంటే మన నర్సులు ఎలా సిద్ధపడాలి

గుంటూరులోనో వరంగల్‌లోనో నర్సింగ్ చదివిన వారికి థియేటర్‌లో మత్తు ఇచ్చేది మత్తు డాక్టరేనని, సిస్టర్ పని మందులు అందించడమూ రోగిని కనిపెట్టుకుని ఉండడమూ అని మొదటి రోజు నుంచే మనసులో నాటుకుపోతుంది. మన దేశ పద్ధతి అదే. అమెరికాలో మాత్రం నర్సులు 19వ శతాబ్దం చివరి పాతిక సంవత్సరాల నుంచీ మత్తు ఇస్తున్నారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈరీ పట్టణంలో 1877లో సిస్టర్ మేరీ బెర్నార్డ్ ఆ పనికి కుదిరారు. మిన్నెసోటాలో మేయో సోదరుల దగ్గర పనిచేసిన ఆలిస్ మెగా అనే నర్సు 14,000కు పైగా ఆపరేషన్లకు ఇచ్చిన మత్తు వివరాలను, మత్తు కారణంగా ఒక్క మరణమూ జరగలేదన్న లెక్కతో సహా, 1906లో ప్రచురించారు. నర్స్ అనస్థీటిస్టుల జాతీయ సంఘం 1931లో ఏర్పడింది. అందువల్ల సీఆర్ఎన్ఏ (సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్ అనస్థీటిస్ట్) అన్న హోదాను డాక్టర్ల కొరత తీర్చడానికి ఈ మధ్య పెట్టిన ఏర్పాటుగా చూడకండి. ఇంటర్వ్యూలో అలా మాట్లాడిన అభ్యర్థిని ఎవరూ తీసుకోరు.

ఈ దారిలో నడవాలనుకునే తెలుగు నర్సులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఏ కాలేజీ మంచిదని. నా దృష్టిలో అది చివరి ప్రశ్న. మీరు ఏ ఐసీయూలో, ఎలాంటి రోగుల దగ్గర, ఎలా పనిచేశారన్నదే మొదటి ప్రశ్న, మిగిలినవన్నీ దాని వెనుక వచ్చేవే.

ముందుగా నిబంధనలు ఏమంటున్నాయో చూసుకోండి

అనస్థీషియా కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి పెట్టిన కనీస అర్హతలు మూడు. నర్సింగ్‌లో గాని, తగిన మరో విషయంలో గాని బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. అమెరికాలో ఏ ఆంక్షలూ లేని ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్స్ ఉండాలి. క్రిటికల్ కేర్‌లో, అంటే ఐసీయూ వంటి విభాగంలో, కనీసం ఒక సంవత్సరం పూర్తికాలం పనిచేసి ఉండాలి. ఈ మూడో అర్హత దగ్గరే మనవారు ఎక్కువగా పొరపడతారు, ఎందుకంటే ఆ సంవత్సరం అమెరికాలో గాని, దాని అధీన ప్రాంతాల్లో గాని, విదేశాల్లోని అమెరికా సైనిక ఆసుపత్రుల్లో గాని గడిపినదై ఉండాలి. హైదరాబాద్‌లోని పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి కార్డియాక్ ఐసీయూలో ఎనిమిదేళ్లు చేసినా, సౌదీలో ఐదేళ్లు చేసినా, ఈ లెక్కలో అది సున్నాయే. ఇక్కడి నుంచి నేరుగా విద్యార్థి వీసా మీద వెళ్లి అనస్థీషియా కోర్సులో చేరవచ్చని ఏ ఏజెంటైనా చెబితే, ఈ ఒక్క నిబంధన చూపించి లేచి వచ్చేయండి.

అలాగని ఇక్కడి ఐసీయూ అనుభవం వృథా కాదు. అమెరికాలో అడుగుపెట్టగానే మిమ్మల్ని ఐసీయూలోకి తీసుకోవాలా, జనరల్ వార్డులో వేయాలా అని ఆసుపత్రి తేల్చుకునేది ఆ అనుభవాన్ని చూసే.

జీఎన్ఎం డిప్లొమా మూడేళ్లు చదివినవారికి బ్యాచిలర్ డిగ్రీ ఉండదు కనుక ఇక్కడే పోస్ట్ బేసిక్ బీఎస్సీ గాని, అక్కడికి వెళ్లాక ఆర్ఎన్ నుంచి బీఎస్ఎన్‌కు (నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీకి) మారే కోర్సు గాని పూర్తిచేయాలి. 2022 జనవరి 1 నుంచి ఈ రంగంలో కొత్తగా చేరే విద్యార్థులందరూ డాక్టరేట్ స్థాయి కోర్సులోనే చేరాలి, దాని నిడివి కనీసం 36 నెలలు. మాస్టర్స్‌తో సరిపెట్టుకున్న పాత సీనియర్ల సలహాలను ఈ విషయంలో పక్కన పెట్టండి.

పత్రాలు, లైసెన్స్, వీసా

ఆర్ఎన్ లైసెన్స్‌కు కావలసిన ఎన్‌క్లెక్స్ పరీక్షను హైదరాబాద్‌లోనే రాయవచ్చు. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు ఉంటాయి, సమయం ఐదు గంటలు. పరీక్ష కన్నా పత్రాల పనికే ఎక్కువ ఓపిక కావాలి. మార్కుల జాబితాలు విశ్వవిద్యాలయం నుంచి, రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ మీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా మీ చదువును పరిశీలించే మదింపు సంస్థకు చేరాలి. తెలంగాణలో చదివినా, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడక ముందే చేరినవారు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి వెళ్లక తప్పదు. విజయవాడ విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే తెచ్చారు. కాబట్టి మీ డిగ్రీ మీద ఒక పేరు, ఇప్పుడు వచ్చే మార్కుల జాబితా మీద మరో పేరు ఉంటే, రెండూ ఒకే సంస్థవని తెలిపే లేఖను అక్కడికి వెళ్లినప్పుడే అడిగి తెచ్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం మాత్రమే ఉండే మన తరతరాల చిక్కును కూడా ఇప్పుడే సరిచేసుకోవాలి.

నర్సులు ఎక్కువగా వెళ్లేది ఉద్యోగం ఆధారంగా ఇచ్చే ఈబీ-3 వలస వీసా మీద. నర్సుల కొరతను అమెరికా కార్మిక శాఖ ముందే గుర్తించినందువల్ల యజమాని విడిగా లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి స్థానికులు దొరకడం లేదన్న ధ్రువీకరణ) తీసుకోనక్కరలేదు గాని, భారతదేశంలో పుట్టినవారి వరుస మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ నిరీక్షణ కాలంలో చిన్న నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం చేయకండి. జీతం కొంత తక్కువైనా వెంటిలేటర్లు, ఆర్టీరియల్ లైన్లు (రక్తపోటు చూడడానికి ధమనిలో పెట్టే గొట్టాలు), డయాలసిస్ రోజూ కనిపించే ఐసీయూలో ఉండండి.

ఒప్పందం మీద సంతకం చేసేముందు ఒక మాట. నన్ను తీసుకెళ్లిన సంస్థ ఫోన్‌లో ఐసీయూ అని చెప్పి, కాగితం మీద ‘అవసరాన్ని బట్టి ఏ విభాగమైనా’ అని రాసింది, నేను అది చదవకుండానే సంతకం పెట్టాను. పద్దెనిమిది నెలలు సర్జికల్ వార్డులో ఆరుగురు రోగుల చొప్పున చూసుకుంటూ గడిపాను. అనస్థీషియా దరఖాస్తులో ఆ కాలానికి విలువ లేకపోయింది. మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన జరిమానా చూసి నోరు మూసుకున్నాను. విభాగం పేరు, ఎన్ని గంటలు పనిచేయాలి, ఎప్పుడు మారవచ్చు, ముందే మానితే ఎంత కట్టాలి అన్నవి ఒప్పందంలో అక్షరాలా ఉండేలా చూసుకోండి.

ఐసీయూలో గడిపే ఏళ్లు

అన్ని ఐసీయూలూ ఒకటి కావు. గుండె శస్త్రచికిత్సల ఐసీయూ, పెద్ద బోధనాసుపత్రుల సర్జికల్, మెడికల్ ఐసీయూలు అందరూ ఒప్పుకునేవి. ఎమర్జెన్సీ, పసిపిల్లల ఐసీయూ అనుభవాన్ని కొన్ని కాలేజీలు మాత్రమే తీసుకుంటాయి కనుక మీరు అనుకుంటున్న కాలేజీ నిబంధన చదివాకే బదిలీ గురించి నిర్ణయించుకోండి. ఒక ఏడాది చాలని నిబంధన అన్నా, రెండు మూడేళ్లు చేసి వెళ్లడం మంచిదన్నది నా అభిప్రాయం. కొత్త దేశంలో మొదటి ఏడాది ఉచ్చారణ, కంప్యూటర్ చార్టింగ్, మందుల వ్యాపార నామాలు అలవాటు కావడానికే సరిపోతుంది.

ఈ కాలంలో మీరు నేర్చుకోవలసిన విద్య ఒక్కటే, చేసే ప్రతి పనికీ కారణం చెప్పగలగడం. ఆర్డర్ వచ్చింది, పంపు రేటు పెంచాను అనేది నర్సు మాట. పెంచితే ఏ గ్రాహకం మీద పనిచేసి, ఏ అంకె మారుతుందో, మారకపోతే ఏమని అర్థమో చెప్పేది అనస్థీషియాకు పనికొచ్చే నర్సు మాట. మాటతో సరిపెట్టకుండా ఒక ఉదాహరణ చెబుతాను.

బైపాస్ ఆపరేషన్ అయిన నాలుగు గంటలకు మీ రోగి చెస్ట్ ట్యూబ్‌లో గంటకు 150 మిల్లీలీటర్ల చొప్పున పడుతున్న రక్తం ఒక్కసారిగా ఆగిపోయింది. సీవీపీ (గుండెకు చేరే పెద్ద సిరల్లోని ఒత్తిడి) 8 నుంచి 18కి చేరింది. సగటు రక్తపోటు 52, గుండె 125 సార్లు కొట్టుకుంటోంది, మూత్రం తగ్గింది. కొత్తవారు ‘హమ్మయ్య, రక్తం ఆగింది’ అనుకుని, రక్తపోటు పెంచే నార్ఎపినెఫ్రిన్ మోతాదు పెంచుతారు. అనుభవం ఉన్నవారి చూపు ట్యూబ్ మీద పడుతుంది: రక్తం ఆగలేదు, గడ్డకట్టి ట్యూబ్ మూసుకుపోయింది, బయటికి రావలసినది గుండె చుట్టూ చేరుతోంది. ఇది టాంపొనేడ్. గుండె నిండడానికే చోటు లేనప్పుడు ప్రతి కొట్టుకూ బయటికి వెళ్లే రక్తం పెరగదు, అందుకే అది వేగం పెంచుకుని నెట్టుకొస్తోంది. ఆ వేగాన్ని తగ్గించే మందు ఇస్తే ప్రాణం పోతుంది. సర్జన్‌ను పిలవాలి, ద్రవం ఇవ్వాలి, ఛాతీ తెరిచే సామగ్రి మంచం దగ్గరికి తేవాలి. ఇంతవరకు చెబితే మంచి ఐసీయూ నర్సు.

ఇంటర్వ్యూ బోర్డు ఇంకో అడుగు లోపలికి లాగుతుంది: ‘ఈ రోగిని థియేటర్‌కు తీసుకెళ్తున్నారు, ప్రొపొఫాల్ మత్తుమందుతో పడుకోబెడతారా?’ రక్తనాళాలు సడలి గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గిపోతుంది కనుక ప్రొపొఫాల్ ప్రమాదకరమని, కెటమిన్ అనే మరో మత్తుమందు వైపు మొగ్గుతామని, వెంటిలేటర్ గాలిని లోపలికి నెట్టే ఒత్తిడి కూడా అదే హాని చేస్తుంది కనుక వీలైనంతసేపు రోగి తన శ్వాస తానే తీసుకునేలా చూస్తామని చెప్పగలిగితే బోర్డు మీ వంక చూసే తీరు మారుతుంది. ఈ జవాబును బట్టీ పట్టకండి, మరో ప్రశ్నతో ఇట్టే దొరికిపోతారు. ఉదాహరణకు రక్తనాళాలను బిగించే ఫినైల్ఎఫ్రిన్ ఇస్తే రక్తపోటు పెరిగి గుండె వేగం ఎందుకు తగ్గుతుందని అడుగుతారు. రక్తపోటును పసిగట్టే బారోరిసెప్టర్ల పనితీరు తెలిసినవారికి అది ప్రశ్నే కాదు.

నా పద్ధతి చాలా పాతది. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, రోజుకు ఒక్క మందు, ఒక్క అంకె చొప్పున ఆ డ్యూటీలో నిజంగా చూసినదాన్ని రాసుకునేదాన్ని. మందు పనిచేసే చోటు, మోతాదు, ఎంతసేపట్లో మొదలవుతుంది, ఎవరికి ఇవ్వకూడదు అన్న నాలుగు వరుసలు చాలు. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న స్థితి) రోగికి ఒక్కో శ్వాసకు కిలోకు 6 మిల్లీలీటర్లు అన్న లెక్క అసలు బరువుకు గాక ఎత్తును బట్టి వచ్చే బరువుకు ఎందుకు కడతారో నాకు అర్థమైంది అలా రాసుకున్న రోజే: మనిషి లావైతే ఊపిరితిత్తులు పెద్దవి కావు కదా.

సీసీఆర్ఎన్, చదువు, సిఫార్సు లేఖలు

సీసీఆర్ఎన్ అనే క్రిటికల్ కేర్ పరీక్ష చాలా కాలేజీల్లో తప్పనిసరి, మిగిలినచోట్ల ఉంటే బలం. దీనికి గత రెండేళ్లలో 1,750 గంటలు రోగుల దగ్గర పనిచేసి ఉండాలి, అందులో 875 గంటలు చివరి ఏడాదిలోవి కావాలి. గంటలు నిండగానే రాసేయండి, వాయిదా వేస్తే దరఖాస్తు గడువులతో ముడిపడి ఒక ఏడాది పోతుంది.

ఇండియా మార్కులను జీపీఏగా (4 పాయింట్ల లెక్కన సగటు గ్రేడుగా) మార్చే మదింపు అవసరమవుతుంది. 3.0 తగ్గితే చాలాచోట్ల తలుపు మూసుకుంటుంది. డిగ్రీ పూర్తయి పదేళ్లు దాటినవారు అమెరికాలోనే కమ్యూనిటీ కాలేజీలోనో విశ్వవిద్యాలయంలోనో కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, అనాటమీ-ఫిజియాలజీ మళ్లీ చదివి ఏ గ్రేడ్ తెచ్చుకోవడం మంచి పెట్టుబడి. మన బీఎస్సీ నర్సింగ్‌లో కెమిస్ట్రీ భాగం పలుచన. ఆర్గానిక్ కెమిస్ట్రీ అడిగే కాలేజీకి అది చాలదు.

సిఫార్సు లేఖ మీ యూనిట్ మేనేజర్ నుంచి తప్పక కావాలి. ఇక్కడ మన స్వభావం కొంచెం అడ్డొస్తుంది. తలవంచుకుని పని చేసుకుపోతే పైవారే గుర్తిస్తారన్న నమ్మకంతో ఉంటాం. అమెరికాలో మేనేజర్ రాత్రి డ్యూటీలో ఉండరు, మీ చేతి నైపుణ్యం ఆమె కంట పడదు. కాబట్టి కొత్తవారికి శిక్షణ ఇచ్చే ప్రిసెప్టర్ బాధ్యతనో, ఛార్జ్ నర్సు డ్యూటీనో, యూనిట్ కమిటీలో చోటునో అడిగి తీసుకోండి. అడగడం గర్వం కాదు.

థియేటర్‌లో నీడలా నిలబడండి

దరఖాస్తుకు ముందు ఒక సీఆర్ఎన్ఏ వెంట కనీసం రెండు మూడు రోజులు ఉండి పని చూడాలి. మీ ఆసుపత్రి అనస్థీషియా విభాగానికి మర్యాదగా ఒక ఈమెయిల్ రాస్తే సాధారణంగా ఒప్పుకుంటారు. ఉదయం ఆరున్నరకే వెళ్లండి, ఎందుకంటే నేర్చుకోవలసినదంతా రోగి రాకముందే జరుగుతుంది. అనస్థీషియా మెషిన్ లీకులు పరీక్షించడం, సక్షన్ పనిచేస్తోందా అని చేతి మీద పెట్టి చూడడం, మెషిన్ ఆగిపోతే వాడడానికి చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే ఆంబూ బ్యాగ్ అందేచోట ఉంచడం, లారింగోస్కోప్ లైటు, రెండు సైజుల ట్యూబులు, లేబుల్ వేసిన సిరంజిలు.

తర్వాత రోగి ముఖం మీద మాస్క్ పెట్టి మూడు నిమిషాలు ఆక్సిజన్ ఇస్తారు. బయటినుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఊపిరి వదిలాక పెద్దవారి ఊపిరితిత్తుల్లో ఉజ్జాయింపుగా రెండున్నర లీటర్ల గాలి మిగులుతుంది, దానిలో ఎక్కువ భాగం నత్రజని. ఆ మూడు నిమిషాల్లో నత్రజనిని తోలేసి ఆక్సిజన్ నింపుతారు. నిమిషానికి 250 మిల్లీలీటర్లు ఖర్చయ్యే మనిషికి ఆ నిల్వ శ్వాస ఆగాక ఎనిమిది నిమిషాల దాకా కాపాడుతుంది, నింపకపోతే నిమిషం దాటగానే పల్స్ ఆక్సీమీటర్ శబ్దం దిగుతూ వస్తుంది. నిండు గర్భిణిలో, స్థూలకాయులలో ఆ నిల్వ చిన్నది, ఖర్చు పెద్దది. ట్యూబ్ వేయడం కష్టమైన రోజున మీ చేతిలో ఉన్న సమయం అంతా అదే. ఇలాంటి పరిశీలన ఒక్కటి దరఖాస్తుతో పంపే మీ వ్యాసంలో రాస్తే ‘చిన్నప్పటి నుంచి సేవ చేయాలని కోరిక’ అన్న వాక్యం అక్కరలేదు.

డబ్బు లెక్క

ఇది ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి వేయవలసిన లెక్క. చాలా కోర్సుల ఫీజు లక్ష డాలర్లు దాటుతుంది, మూడేళ్లు ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం, చాలా కాలేజీలు చేయవద్దనే చెబుతాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ప్రభుత్వ విద్యారుణాలు వస్తాయి గాని, 2025 చట్టంతో పీజీ, డాక్టరేట్ విద్యార్థులకిచ్చే గ్రాడ్ ప్లస్ రుణం 2026 జూలై 1 నుంచి కొత్తవారికి లేకుండా పోయింది, మిగిలిన రుణాలకు గరిష్ఠ పరిమితులు పెట్టారు. అంటే ఇదివరకు మొత్తం ఖర్చును అప్పుతో నెట్టుకొచ్చిన సీనియర్ల దారి మీకు లేదు. రెండేళ్లు ముందు నుంచే కనీసం ఏడాది ఇంటి ఖర్చు నిల్వ వేసుకోండి. కొత్త కారు, ఊళ్లో స్థలం, తమ్ముడి పెళ్లి ఖర్చు, ఈ మూడింటిలో రెండింటికి ‘ఇప్పుడు కాదు’ అని చెప్పవలసి వస్తుంది. ఎవరికి చెప్పాలో మీ ఇష్టం.

ఆ వైపున వచ్చే ఆదాయం మంచిదే. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023 మే నాటికి నర్స్ అనస్థీటిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 2,12,650 డాలర్లు. కాని ఇంటర్వ్యూలో జీతం ఊసెత్తకండి.

కోర్సూ, ఆ తర్వాతి పనీ

మొదటి ఏడాది ప్రధానంగా తరగతులు: ఫార్మకాలజీ, ఫిజియాలజీ, మెషిన్ వెనుక ఉన్న భౌతికశాస్త్రం. తర్వాత థియేటర్లు. పట్టా పొందేలోగా కనీసం 600 కేసులు, 2,000 క్లినికల్ గంటలు నిండాలి. ఆపైన జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష, మూడు గంటల్లో 100 నుంచి 170 ప్రశ్నలు. ఐసీయూలో అందరికీ నేర్పిన మీరు మొదటి రోజు మాస్క్ సరిగ్గా పట్టలేక చిన్నబోతారు. ఆ చిన్నబోవడాన్ని తట్టుకోలేకే కొందరు మానేస్తారు, తెలివి చాలక మానేసేవారు అంతకన్నా తక్కువ.

ఉద్యోగంలో మీ స్వతంత్రత రాష్ట్రాన్ని, ఆసుపత్రిని బట్టి ఉంటుంది. డాక్టరు పర్యవేక్షణ ఉండాలన్న కేంద్ర నిబంధన నుంచి తప్పుకునే వీలు 2001లో రాష్ట్రాలకు వచ్చింది, అయోవా మొదట వాడుకుంది. పెద్ద ఆసుపత్రుల్లో ఒక అనస్థీషియా డాక్టరు నాలుగు థియేటర్ల వరకు చూస్తూ ఒక్కోదానిలో ఒక్కో సీఆర్ఎన్ఏ ఉండే పద్ధతి సర్వసాధారణం. పల్లె ఆసుపత్రుల్లో రాత్రి రెండు గంటలకు సిజేరియన్ వస్తే మీరొక్కరే ఉండవచ్చు. ఫెంటనిల్ వంటి మందులు రోజంతా చేతిలో ఉండే వృత్తి ఇది, వాటికి బానిసలైనవారిలో చురుకైనవారే ఎక్కువగా కనిపించారు నాకు. నిద్ర పట్టకపోయినా మనసు బాగాలేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటు ముందే చేసుకోండి. ఇండియాకు తిరిగి వచ్చి ఇదే పని చేద్దామనుకునేవారు మళ్లీ ఆలోచించాలి, ఎందుకంటే ఇక్కడ నర్సు స్వయంగా మత్తు ఇచ్చే హోదా లేదు.

సీటు వచ్చాక తరగతులు మొదలయ్యే వరకు కొన్ని నెలలు దొరుకుతాయి. ఆ కాలంలో అదనపు డ్యూటీలకు ఎగబడకుండా పళ్లు, కళ్లు చూపించుకుని, క్లినికల్ సైట్లకు దగ్గరగా ఇల్లు మార్చుకోండి. పిల్లలు చిన్నవాళ్లయితే అమ్మానాన్నలను సందర్శకుల వీసా మీద పిలిపించుకోవాలని అందరూ అనుకుంటారు, చాలామంది మొదటి నెలలోనే పిలిపిస్తారు. ఆ వీసా మీద వచ్చేవారిని సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు. తరగతి గదిలో కూర్చునే మొదటి ఏడాదిలో ఆ ఆరు నెలలు ఖర్చు చేయకుండా, తెల్లవారుజామున నాలుగున్నరకు మీరు ఇల్లు వదిలే రెండో ఏడాదికి టికెట్లు తీయండి.